కాదనడం ఎరుగని బుట్ట

2004 చివర్లో, పండుగ కొనుగోళ్ల రద్దీ తట్టుకోలేక అమెజాన్ దుకాణం తడబడింది. లోపం డేటాబేస్ దగ్గర తేలింది. అప్పట్లో మార్కెట్లో పేరుమోసిన రిలేషనల్ డేటాబేసే అది. అయినా ఇక పెరగలేని దశకు చేరింది.

అమెజాన్ సాఫ్ట్‌వేర్ అప్పటికే చిన్న చిన్న సర్వీసులుగా విడిపోయింది. నేటి మైక్రోసర్వీసులకు అదొక తొలిరూపం. ఏ సర్వీసు డేటా ఆ సర్వీసుదే. ఇంకొకరికి కావాలంటే ఆ సర్వీసునే అడగాలి తప్ప, దాని డేటాబేస్‌లో నేరుగా చెయ్యి పెట్టకూడదు. ఒక్క పేజీ తయారవడానికి 150కి పైగా సర్వీసులు బదులివ్వాల్సి వచ్చేది.

ఇంజినీర్లు తమ వాడకాన్ని లెక్క వేసుకున్నారు. సుమారు 70 శాతం పనులు ఒక కీ ఇచ్చి ఒకే వరుసను తెచ్చుకునేవే. పట్టికలను ముడివేసే శక్తి చాలా సర్వీసులకు అక్కర్లేదు. ఆ గ్రహింపు నుంచి పుట్టిందే డైనమో అనే డేటా నిల్వ వ్యవస్థ. 2007లో దాని పరిశోధన పత్రం వెలువడింది. రాసిన తొమ్మిది మందిలో వెర్నర్ వోగెల్స్, స్వామినాథన్ శివసుబ్రమణియన్, గుణవర్ధన్ కాకులపాటి, అవినాశ్ లక్ష్మణ్ ఉన్నారు.

డైనమోలో పెద్ద యంత్రమంటూ లేదు, అన్నీ సమానమే. కీని గణితంతో ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్య ఒక ఊహావలయంలో ఎక్కడ పడితే అక్కడి నుంచి వరుసగా మూడు యంత్రాల్లో నకళ్లు ఉంచుతారు. సాధారణంగా రెండు యంత్రాలు ‘రాసుకున్నాం’ అంటే చాలు, పని అయినట్టే. ఒకటి పడిపోతే దాని వంతు మరో యంత్రం తీసుకుంటుంది. ఊరెళ్లిన పొరుగింటివాళ్ల ఉత్తరాన్ని తీసి ఉంచినట్టు భద్రపరచి, అది తిరిగొచ్చాక అప్పగిస్తుంది.

ఇంత ఏర్పాటూ కొనుగోలుదారు బుట్టలో వస్తువు వేస్తే ఎన్నడూ కాదనకుండా ఉండటానికే. దానికి మూల్యం ఉంది. యంత్రాల మధ్య సంబంధం తెగినప్పుడు ఒకే బుట్టకు రెండు రూపాలు ఏర్పడవచ్చు. ఏ మార్పు దేని తర్వాతదో గుర్తుంచుకునే వెక్టర్ క్లాక్‌లు ఆ తేడాను పట్టిస్తాయి. రెండింటినీ కలిపే బాధ్యత బుట్ట సర్వీసుది. వేసిన వస్తువు పోదు, కానీ తీసేసింది ఒక్కోసారి తిరిగి కనబడుతుంది. ఒకరోజు పరిశీలనలో 99.94 శాతం అభ్యర్థనలకు ఒకే రూపం దొరికింది.

డైనమో వారసులు తలో దారి పట్టారు. ఫేస్‌బుక్‌కు మారిన అవినాశ్ లక్ష్మణ్, ప్రశాంత్ మాలిక్‌తో కలిసి కసాండ్రా అనే డేటాబేస్‌ను నిర్మించారు. 2008లో అది అందరికీ ఉచితంగా తెరుచుకుంది. అమెజాన్‌లో మాత్రం డైనమోను ఏ బృందానికా బృందమే నడుపుకోవాల్సి రావడం భారమైంది. అందుకే నిర్వహణ భారాన్ని తానే మోసే డైనమోడీబీ 2012లో వచ్చింది. పేరు తాతదే అయినా నిర్మాణం వేరు. ఇందులో ప్రతి విభాగపు నకళ్లకూ ఒక నాయక యంత్రం ఉంటుంది, కోరితే తాజా విలువనే చదివి ఇస్తుంది. 2021 ప్రైమ్ డే అమ్మకాల్లో ఇది సెకనుకు గరిష్ఠంగా 8.92 కోట్ల అభ్యర్థనలు మోసింది.

సర్వీసులను విడదీసే ప్రతి బృందమూ ఈ చరిత్ర చదవాలి. తీసేసిన సబ్బు బుట్టలో మళ్లీ కనబడితే కొనేవాడు ఓర్చుకుంటాడు. డ్రా చేసిన సొమ్ము ఖాతాలో మళ్లీ కనబడితే బ్యాంకు ఓర్చుకోలేదు. ఏ తప్పు భరించగలమో, ఏది భరించలేమో ముందు ఆ వ్యాపారం తెలిసినవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. డేటాబేస్ ఎంపిక ఆ తర్వాతి పని.