పొట్టి తూటా, లావు గుండు

1955లో అమెరికాలోని విన్చెస్టర్ కంపెనీ రెండు వేట తూటాలను మార్కెట్లోకి తెచ్చింది. రెండింటికీ తల్లి ఒక్కటే: .308 విన్చెస్టర్ (ఈ అంకె అంగుళాల్లో గుండు వ్యాసం). దాని ఇత్తడి గుల్ల మెడను సన్నగా నొక్కితే .243, వెడల్పు చేస్తే .358. సన్నమెడ పిల్ల దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. లావుమెడ పిల్లను కొన్నాళ్లకే మర్చిపోయారు. రెండింట్లో అడవి వేటకు నిజంగా పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

తల్లి పుట్టుక సైనిక అవసరంలో ఉంది. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న .30-06 తూటా పొడవు దాదాపు 85 మిల్లీమీటర్లు. తర్వాతి దశాబ్దాల్లో తుపాకి మందు తయారీ మెరుగుపడింది, అంత పెద్ద గుల్ల అక్కర్లేకపోయింది. 1920 నాటి .300 సావేజ్ గుల్లతో ప్రయోగాలు మొదలుపెట్టి, చివరికి 71 మిల్లీమీటర్ల పొట్టి తూటా దగ్గర ఆగారు. విన్చెస్టర్ దాన్ని 1952లోనే వేటగాళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. నాటో దేశాలు సైనిక రూపాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నది 1954లో. మన పోలీసుల భుజాన ఏళ్ల తరబడి వేలాడిన ఎస్సెల్లార్ రైఫిల్‌లో పేలిందీ ఆ సైనిక రూపమే.

తూటాను లోపలికి నెట్టి, తలుపు బిగించి, పేలాక ఖాళీ గుల్లను బయటికి లాగే భాగాన్ని యాక్షన్ అంటారు. తూటా 14 మిల్లీమీటర్లు తగ్గితే ఆ మేరకు యాక్షనూ పొట్టిదవుతుంది, రైఫిల్ బరువు కొంచెం తగ్గుతుంది, బిగువు పెరుగుతుంది. తలుపుగా పనిచేసే బోల్టు చకచకా ఆడుతుందన్నది మాత్రం అమ్మేవాళ్లు కాస్త పెంచి చెప్పే మాట. అసలు లాభం ట్రిగ్గర్ చుట్టూ ఉన్న పిడిని ఆడించి తూటా మార్చే లివర్ రైఫిళ్లకు దక్కింది. పాత లివర్ రైఫిళ్లలో చాలావాటికి తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. మొనదేలిన గుండు ముందున్న తూటా అడుగున ఉండే పేలుడు టోపీకి ఆని ఉంటే, కుదుపుకు అది పేలే ప్రమాదం ఉంది. అందుకే వాటికి అప్పట్లో మొద్దు గుండ్లే గతి. 1955లో వచ్చిన విన్చెస్టర్ మోడల్ 88 ఈ పొట్టి తూటాలు పట్టే పెట్టె మ్యాగజైన్‌తో ఆ బాధ తీర్చింది.

ఎల్క్, మూస్, నల్ల ఎలుగు లాంటి పెద్ద జంతువులకు అక్కడి వేటగాళ్లు చాలామంది 8.5 నుంచి 9.5 మిల్లీమీటర్ల గుండు కోరుకుంటారు. పొట్టి గుల్లలో మందుకు చోటు .30-06 కన్నా దాదాపు ఆరో వంతు తక్కువ. మరి అందులో లావు గుండు పెట్టడం అత్యాశ కాదా? కాదు. గుండును తోసేది దాని అడుగు మీద పడే వాయు పీడనం. .308 గుండు అడుగుతో పోలిస్తే .358 గుండు అడుగు వైశాల్యం 35 శాతం ఎక్కువ. అంతే పీడనం అంత ఎక్కువ బలంతో నెడుతుంది. పైగా లావు బ్యారెల్‌కు త్వరగా మండే మందు సరిపోతుంది, పొట్టి బ్యారెల్ చివరికి చేరేలోపే అది పని ముగిస్తుంది. అలా .358 విన్చెస్టర్ 13 గ్రాముల గుండును సెకనుకు సుమారు 760 మీటర్ల వేగంతో వదులుతుంది. చెట్ల మధ్య 200 మీటర్ల లోపు వేటకు అది చాలు.

చిక్కు వేరేచోట ఉంది. లావు గుండు బరువెక్కేకొద్దీ పొడవెక్కుతుంది. మ్యాగజైన్ పెరగదు కాబట్టి గుండు తోక గుల్లలోకి దిగి మందు చోటు తినేస్తుంది. 1965లో రెమింగ్టన్ ఇంకా లావుపాటి గుల్లతో .350 రెమింగ్టన్ మాగ్నమ్ చేసి, దాన్ని పొట్టి మోడల్ 600 కార్బైన్‌లో ఇరికించింది. మందు శక్తి ఉంది, కానీ 16 గ్రాముల గుండు పెడితే మళ్లీ అదే ఇరుకు. అలాంటి బరువు గుండే కావాలనుకుంటే పొట్టి యాక్షన్ మోజు వదులుకుని, .30-06 గుల్లతోనే చేసిన .35 వీలన్ తీసుకోవడం మేలు.

.358ని ముంచింది ఈ ఇరుకు కాదు, కాలం. 1958లో .338 విన్చెస్టర్ మాగ్నమ్, 1962లో 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్ వచ్చాయి. ప్రకటనల నిండా వేగం, దూరం. తాము కాల్చేది వంద మీటర్లలోనే అయినా కొనుగోలుదారులు ఐదు వందల మీటర్ల తూటా కొన్నారు.

2006లో ఫెడరల్ కంపెనీ, ఫిన్లాండ్‌కు చెందిన సాకో కలిసి అదే .308 గుల్ల మెడను కాస్త తక్కువ సాగదీసి .338 ఫెడరల్ తెచ్చాయి. 13 గ్రాముల గుండు ఇక్కడ సెకనుకు సుమారు 800 మీటర్లు పోతుంది. గుండు సన్నం కాబట్టి, అదే బరువులో .358 కన్నా ప్రతి చదరపు మిల్లీమీటరు వెనక 12 శాతం ఎక్కువ బరువుంటుంది. లోతుగా దిగుతుంది, గాలిలో వేగం నిలుపుకుంటుంది. ఈరోజు కొత్తగా పొట్టి రైఫిల్ కొనేవాడికి నేనైతే ఇదే చెబుతాను. తాతగారి .358 మోడల్ 88 బీరువాలో ఉన్నవాడికి ఆ సలహా అక్కర్లేదు. దుకాణంలో .358 తూటాలు దొరక్కపోతే, ఎక్కడైనా దొరికే .308 ఖాళీ గుల్ల మెడలోకి నూనె రాసిన కడ్డీ దించి వెడల్పు చేసుకుని, సొంతంగా తూటా నింపుకునేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు.