ఉక్కు పనిలో అప్రెంటిస్ చదువు

ఉక్కు పలకలను, గొట్టాలను, యాంగిళ్లను కొలిచి, కోసి, వంచి, అతికించి ట్యాంకులుగా, షెడ్డుల చట్రాలుగా, ఓడల భాగాలుగా రూపొందించే పనిని ఫ్యాబ్రికేషన్ అంటారు. విశాఖపట్నం నౌకానిర్మాణ కేంద్రం మొదలుకొని హైదరాబాదు బాలానగర్, జీడిమెట్లలోని చిన్న వర్క్‌షాపుల వరకు ఈ పని సాగుతూనే ఉంటుంది. ఐటీఐలో ఫిట్టరు, వెల్డరు కోర్సులు చదివినవారికి పనిముట్ల పరిచయం, డ్రాయింగు చదవగల నేర్పు అబ్బుతాయి గాని, వేడి తగిలిన లోహం ఎటు లాగుతుందో పసిగట్టే చూపు మాత్రం అనుభవజ్ఞుడైన ఫిట్టరు పక్కన నిలిచి నిజమైన జాబు, అంటే తయారవుతున్న వస్తువు, మీద చెయ్యి పెట్టినప్పుడే అలవడుతుంది.

ఇలా పని చేస్తూ నేర్చుకునే ఏర్పాటుకు మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఆధారం. 2019లో సవరించిన నిబంధనల మేరకు 30 మందికి తగ్గకుండా సిబ్బంది ఉన్న సంస్థ, వారి సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవలసి ఉంటుంది. సంస్థకూ శిక్షణార్థికీ మధ్య ఒప్పందం కుదురుతుంది. నెలనెలా స్టైపెండు, అంటే శిక్షణ కాలపు భృతి, అందుతుంది. పనికి తోడుగా చెప్పవలసిన సిద్ధాంత పాఠాలకు హాజరైన సమయాన్ని కూడా భృతి చెల్లించే పనివేళల్లోనే లెక్కించాలని చట్టం చెబుతుంది. చదువు పనిలో భాగమేనని ఇంత సూటిగా ఒప్పుకున్న ఈ నియమం మెచ్చదగినది.

షాపులో మొదటి పాఠం మార్కింగు, అంటే కోయవలసిన, వంచవలసిన గీతలను పలక మీద గీయడం. 2 మిల్లీమీటర్ల రేకును బయటి కొలత చెరో 50 మిల్లీమీటర్లు వచ్చేలా లంబంగా వంచాలంటే 100 మిల్లీమీటర్ల ముక్క కోయకూడదు. వంపు దగ్గర రేకు మూల గుండా కాక గుండ్రంగా తిరుగుతుంది గనుక, వంపు వ్యాసార్ధాన్ని బట్టి 96, 97 మిల్లీమీటర్లు సరిపోతాయి. చట్రం మూలలు లంబంగా నిలిచాయా లేదా అన్నది మూలమట్టంతో చూడటమే కాక రెండు కర్ణాలను టేపుతో కొలిచి తేల్చుకుంటారు: 3 మీటర్లు, 4 మీటర్ల భుజాలున్న చట్రానికి రెండు కర్ణాలూ సరిగ్గా 5 మీటర్లు రావాలి.

అన్నిటికన్నా కష్టమైనది డిస్టార్షన్‌ను, అంటే వెల్డింగు వేడి వల్ల జాబు వంకరపోవడాన్ని, అదుపు చేయడం. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోయి పలకలను తనవైపు లాగుతుంది. అందుకే ముక్కలను ముందు చిన్న చిన్న టాకాలతో నిలిపి, అతుకును ఒకే చోట ఏకధాటిగా వేయక అటూ ఇటూ మార్చి వేస్తారు, ఎంత లాగుతుందో తెలిసినవారు పలకను ముందే ఆ మేరకు ఎదురు వాలులో పెడతారు. ఆ మేర ఎంతన్నది పలక మందం, అతుకు పరిమాణం, వేసే వరుసలను బట్టి మారుతుంది గనుక సూత్రం ఒక్కటే చాలదు. పాత చేతుల అంచనాను గమనించి, స్వయంగా వేసి, చల్లారాక కొలిచి చూసుకోవాలి. అలాగే 7018 రకం వెల్డింగు రాడ్డులను ఓవెన్‌లో పొడిగా ఉంచకపోతే తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరి పగుళ్లకు దారితీస్తుందన్న సంగతి పుస్తకంలో ఒక వాక్యమే గాని, షాపులో అది రోజూ పాటించవలసిన క్రమశిక్షణ.

అయితే ఏడాది పొడవునా రాడ్డులు అందించడం, అతుకు మీది స్లాగు పెచ్చు కొట్టడం, గ్రైండింగు చేయడంతోనే సరిపెట్టి, కుర్రవాణ్ని చౌక హెల్పరుగా వాడుకునే షాపులూ ఉన్నాయి. ఇది శిక్షణ కాదు, అన్యాయం. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి. కనుకనే అనుమతి లేకుండా అతనిచేత ఓవర్‌టైము చేయించకూడదు, చేసిన పనిని, నేర్చిన పాఠాన్ని సంస్థ రికార్డులో నమోదు చేయాలి. భద్రత విషయంలో మాత్రం ఫ్యాక్టరీ కార్మికునికి చట్టం ఇచ్చే రక్షణే అతనికీ ఉంది, పనిలో గాయపడితే పరిహారమూ దక్కుతుంది. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటిని కాల్చే చోట తగిన షేడు అద్దం ఉన్న హెల్మెటు, చేతి తొడుగులు ఇవ్వడం దయ కాదు, బాధ్యత.

శిక్షణ ముగిశాక అఖిల భారత స్థాయి పరీక్షలో నెగ్గినవారికి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ లభిస్తుంది. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, శిక్షణ ఇచ్చిన సంస్థే ఉద్యోగం కూడా ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. కాబట్టి ఒప్పందంపై సంతకం చేసేముందే ఆ షరతు ఉందో లేదో చదివి చూసుకోవడం, మార్కింగు నుంచి వెల్డింగు దాకా ఏయే విభాగాల్లో ఎన్ని నెలలు తిప్పుతారో అడిగి తెలుసుకోవడం అభ్యర్థికి అవసరం.