హనోయిలో పాత మిన్‌స్క్ బండి

వియత్నాం రాజధానియగు హనోయిలో కొంతకాలము నివసింపవచ్చి, స్వల్పవ్యయముతో ఉత్తరపర్వతప్రాంతములను చుట్టిరాగోరిన విదేశీయులను చిరకాలము ఆకర్షించిన వాహనము బెలారుస్ దేశపు మిన్‌స్క్. 1951లో మిన్‌స్క్ నగరమున నిర్మాణమారంభమైన ఈ 125 సీసీ వంశమునకు మూలపురుషుడు జర్మనీవారి డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125. అందచందములు లేవుగాని మరమ్మతు సులభము: వాల్వులు లేక, పిస్టనే పైకి క్రిందికి కదలుచు రంధ్రములను మూయుచు తెరచుచుండును, క్రాంకుకు వేరుగా ఆయిలు తొట్టి లేనందున పెట్రోలులోనే, సుమారు 25 పాళ్లకొక పాలు చొప్పున, ఆయిలు కలుపవలెను. ఆర్‌ఎక్స్ 100 పొగ నెరిగిన మన పాఠకులకిది క్రొత్త గాదు.

కొనువాడు క్రొత్త రంగును చూచి మురియక, ఇంజను చల్లగానున్నప్పుడే కిక్ కొట్టి చూడవలెను; అమ్మువాడు ముందే వేడిచేసి యుంచిన బండి తొలి కిక్కుకే స్టార్టగుటలో వింతయేమున్నది? పాదము క్రింద ఎదురొత్తిడి లేక కిక్ జారిపోయినచో రింగులు అరిగినవని అనుమానింపవలెను. ప్లగ్గు విప్పగా గోధుమవన్నె కనబడిన మేలు. తెల్లబారియున్నచో పెట్రోలు చాలక ఇంజను మితిమీరి వేడెక్కుచున్నదన్నమాట. బండి వేడెక్కిన పిమ్మటను దట్టముగ తెల్లపొగ వచ్చుచు, గేరుపెట్టెలోని ఆయిలు తరుగుచున్నచో క్రాంకు సీలు పోయియుండును. బేరము తగ్గించుటకు అంతకు మించిన అదను లేదు.

ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును రిజిస్ట్రేషను కార్డుతో సరిచూచుకొనక డబ్బీయరాదు. 'పిమ్మట పంపెదను' అనిన కార్డు రానిదేయని నా అభిప్రాయము.