మన్ను పట్టిన బొమ్మరైలు

మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరుల మీదుగా నల్లమలలోనికి చొచ్చి నంద్యాల వైపు దిగెడు ఇనుపదారి, 1990ల దశాబ్దములో బ్రాడుగేజిగా మారకముందు మీటరుగేజియే. నాటి ఆవిరిబండి దిగువమెట్ట స్టేషనులో నిలిచినట్లు 1:87 పరిమాణమున నమూనా చేయదలచినచో, పట్టాల నడుమ దూరము 12 మిల్లీమీటర్లకు మించదు. అంత చిన్నవస్తువునకు కొలతలు కుదుర్చుట ఒక ఎత్తు, రంగు వేయుట ఒక ఎత్తు. నిగనిగలాడు కొత్త నల్లరంగుతో ఇంజను ఎంత ముచ్చటగానున్నను బొమ్మగానే మిగిలిపోవును. తెల్లపొణికి కొయ్యపై సున్నము పూసి కన్నులపండువుగా వర్ణములు దిద్దు కొండపల్లి కళాకారుడు వన్నె తెచ్చును. రైలునమూనా చేయు పనివాడో, తెచ్చిన వన్నెను తానే తగ్గించును.

మొదట ప్రైమరు, ఆపై ఆక్రిలిక్ నలుపు. అచ్చపు నలుపు చిన్నవస్తువుపై నీడలను మింగివేయును గనుక అందు బూడిదరంగు కొంత కలుపవలెను. మెరుగు వార్నిషు ఆరిన పిదప, గోధుమవన్నె తైలవర్ణమును టర్పెంటైనుతో బాగుగా పలుచన చేసి కుంచెమొనతో రివెట్టు చెంత తాకించినచో, అది తనంతట తానే సందులలోనికి పారి నిలుచును. పిమ్మట వేరొక కుంచెకు లేతరంగు అంటించి, గుడ్డపై దాదాపుగా తుడిచివేసి, అంచులపై మాత్రమే ఒరయవలెను.

ఇంతవరకు చేతిపని; ఇకపై ఊహ. మరక ప్రతిదానికిని కారణముండవలెను. పొగగొట్టము చుట్టు మసి, చక్రములచెంత బ్రేకుల ఇనుపరజను, క్రిందినుండి పైకి పలుచనగుచు పోవు ఎర్రధూళి. సున్నపుపాలు హెచ్చుగానున్న నీరు కాగెడు బాయిలరుపై, కవాటముల నుండి కారిన తెల్లని చారలు తప్పవు. కారణమెరుగక ఒడలెల్ల త్రుప్పు పూయువారిని చూచినచో నాకు జాలి కలుగును. నిత్యము నడిచెడు బండి అంతగా త్రుప్పు పట్టదు.

ధూళికై పరదేశపు పొడులను కొనువారు కలరు. పలకలకు పేరుపడిన మార్కాపురమున పలకరాయి కోయగా మిగిలిన రజను కొరతయా? పలుచని గుడ్డలో జల్లించిన ఆ నీలిబూడిద పొడి, పలకల బరువెత్తిన వ్యాగను నేలకు చక్కగా అమరును. పొడి నిలుచుటకు మెరుగులేని వార్నిషు చిలుకరింపవలెను. తడి తగులగానే సగము మాయమగును గనుక, కోరినదానికన్న కొంచెము ఎక్కువగానే చల్లుట మేలు.