మాకళి బేరు: మన కొండల అరుదైన తీగ

మైసూరు సీమలో మాకళి బేరు ఊరగాయ ప్రసిద్ధము. రాయలసీమవారు వేసవిలో త్రాగు నన్నారి షర్బత్తునకును తరచుగా నీ వేరే ఆధారము. 2007 వరకు కోలారు జిల్లాలో నుండి, పిమ్మట చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగువారు ఈ రెండు సీమల నడుమ నివసించువారు. అయినను ఈ వేరు రుచి యెరిగినవారు పెక్కుమంది. దాని పువ్వును చూచినవారు మిక్కిలి తక్కువ.

తెలుగున దీనికి మారేడు కొమ్ములని పేరు. మారేడు వృక్షముతో దీనికి సంబంధము లేదు. వైట్, ఆర్నాట్ అను వృక్షశాస్త్రజ్ఞులు 1834లో దీనికి డెకాలెపిస్ హామిల్టోనియై అని నామకరణము చేసిరి. ఇది జిల్లేడు, సుగంధిపాలల కుటుంబమునకు చెందిన పాలతీగ. దక్షిణ భారతమునందలి ఎండుకొండలలో, బండల సందులలో పెరుగును; ప్రపంచమున మరెచ్చటను సహజముగా కానరాదు. పూవులు చిన్నవి, లేతవన్నెవి, గుత్తులుగా పూయును. కాయలు జంటలుగా కాచి పగిలినప్పుడు, పట్టువంటి కుచ్చు గల గింజలు గాలికి ఎగిరిపోవును.

సుగంధిపాల వేరు సన్నము, గట్టిది. మాకళి వేరు లావు, కండ గలది. అంగడిలో నన్నారి యను పేరు రెండింటికిని చెల్లుచున్నది. మాకళి పరిమళమునకు ముఖ్య కారణమైన ద్రవ్యము వెనిల్లా సువాసన నిచ్చు వెనిలిన్‌కు తోబుట్టువు వంటిది. రెండింటి అణువులలోను పరమాణువులు ఒకటే. అమరిక మాత్రమే భిన్నము.

ఈ సువాసనయే తీగకు శత్రువైనది. ఆకు కోసిన మరల చిగుర్చును. వేరంతయు త్రవ్విన తీగ నశించును. గింజ రాలకమునుపే త్రవ్వుటచే సంతతియు నిలువదు. అందుచేతనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దీనిని అంతరించు ప్రమాదమునకు లోనైన జాతులలో చేర్చిరి.

దీని వేళ్లను సేకరించి జీవించు యానాదులు మొదలగువారిని నిందించుట న్యాయము కాదు, కొనువారము మనమే. కాయలు పగులువరకు తీగను విడుచుట, కొన్ని వేళ్లను నేలలోనే యుంచి గోతిని పూడ్చుట, తోటలలో పెంచుట అనునవి సాధ్యమైన మార్గములు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు కణజాల వర్ధనముచే మొక్కలను పెంచు విధానమును పరిశోధించిరి. అంగడిలో వేరు కొనునపుడు అది తోటదో, కొండదో విచారించుట మనకు కష్టము కాదు. మన జాడీలోని ఊరగాయ రేపటి బిడ్డలకును దక్కవలెనన్న, కొండపై తీగ నేడు పూయవలెను.