తవుడు కలిపిన దాణాలో ఎంజైములు, ప్రోబయోటిక్‌లు: పిఠాపురం బ్రాయిలర్ రైతుకు ఏది ఎప్పుడు అవసరం?

బ్రాయిలర్ పెంపకపు వ్యయంలో సింహభాగం దాణాదే. మొక్కజొన్న ధర పెరిగినప్పుడల్లా పిఠాపురం పరిసరాల్లో సొంతంగా దాణా కలుపుకొనే రైతు దృష్టి రైస్ మిల్లుల నూకలు, నూనె తీసిన తవుడు మీదికి మళ్లుతుంది. ఎంజైముల ప్రస్తావన ఇక్కడే అర్థవంతమవుతుంది.

నూకల్లో పీచు స్వల్పం. మొక్కజొన్నకు బదులు నూకలు మాత్రమే వాడి, దానికి జైలనేజ్ కలిపితే ఆ ఎంజైముకు చేయవలసిన పని పెద్దగా ఉండదు. తవుడు సంగతి వేరు. అందులోని అరబినోజైలాన్‌లను కోడి జీర్ణించుకోలేదు. భాస్వరంలో అధిక భాగం ఫైటేట్ రూపంలో బంధింపబడి ఉంటుంది. ఫైటేజ్ ఆ బంధాన్ని విడదీస్తుంది. కిలో దాణాకు 500 యూనిట్ల మోతాదులో సుమారు 0.1 శాతం లభ్య భాస్వరం సమకూరుతుందని ఫార్ములాలలో లెక్కిస్తారు. 18 శాతం భాస్వరమున్న డైకాల్షియం ఫాస్ఫేట్‌ను టన్నుకు దాదాపు ఐదున్నర కిలోలు తగ్గించవచ్చన్నమాట. అది తగ్గించకుండా ఫైటేజ్‌ను అదనంగా చేర్చడం వల్ల ఖర్చే తప్ప ఆదా లేదు. క్షేత్రస్థాయిలో తరచుగా జరిగే పొరపాటు ఇదే. కాల్షియం మోతాదును కూడా సరిచూడాలి, ఎక్కువైతే అది ఫైటేట్‌తో కలిసి ఎంజైమును అడ్డుకుంటుంది.

ప్రోబయోటిక్‌ల తర్కం వేరు. తల్లి రెక్కల కింద పెరిగే నాటు పిల్లకు పెట్ట రెట్టల నుండే మేలుచేసే సూక్ష్మజీవులు అందుతాయి. హేచరీ పిల్లకు ఆ అవకాశం లేదు. పెద్ద కోళ్ల పేగులోని పదార్థాన్ని పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లా స్థిరపడదని ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాలా 1973లో చూపారు. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయోటిక్‌లను కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో పూర్తిగా నిలిపివేసింది. మన దేశం 2019లో ఆహార జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ప్రత్యామ్నాయాల అవసరం అప్పటి నుండి మరింత పెరిగింది.

అయితే ప్రోబయోటిక్ మందు కాదు. శుభ్రమైన షెడ్డులో దాని ఫలితం కంటికి కనబడకపోవచ్చు. ఆవిరితో గుళికలు చేసే వేడికి లాక్టోబాసిల్లస్ నశిస్తుంది, బాసిల్లస్ సబ్టిలిస్ సిద్ధబీజాలు తట్టుకుంటాయి. కంపెనీ ఒప్పందంపై పెంచే రైతు చేతిలో దాణా ఉండదు, నీరే ఉంటుంది. క్లోరిన్ కలిపిన నీటిలోగాని, యాంటీబయోటిక్ ఇస్తున్న రోజుల్లోగాని ప్రోబయోటిక్ కలిపితే వృథాయే.

విస్తరణ శాస్త్రవేత్తలు సిఫారసుకు ముందు ఒకే హేచరీ, ఒకే రోజు పిల్లలను రెండు భాగాలుగా విడదీసి, దాణా మార్పిడి నిష్పత్తి, మరణాలు, లిట్టరు తడిని నమోదు చేయించాలి. వేసవి బ్యాచ్‌లోనూ, వర్షాకాలపు బ్యాచ్‌లోనూ విడివిడిగా.