మట్టికుండలో దాచిన నకలు



నిరుడు వేసవి చివర్లో, మా సంఘంలోనే పెరిగిన ఒక సహోదరి వివాహ ధ్రువపత్రం కోసం ఫోన్ చేసింది. విదేశంలో ఉన్న భర్త దగ్గరకు వెళ్లాలంటే వీసాకు అది కావాలి. తన దగ్గరున్నది ఇల్లు మారినప్పుడు పోయిందట. “కంప్యూటర్లో ఉంటుంది కదా అయ్యగారూ” అంది.

ఉండాల్సిందే. కానీ అంతకు వారం ముందే ఉరుముల వానలో దగ్గర్లో పిడుగు పడి ఆఫీసు కంప్యూటరు కాలిపోయింది. “బ్యాకప్ తీశాం కదండీ” అని కార్యదర్శి ధైర్యం చెప్పాడు. తీసిన మాట నిజమే. అయితే ఆ హార్డ్ డిస్క్ రెండేళ్లుగా అదే కంప్యూటరుకు తగిలించి ఉంది. రెండూ ఒకే క్షణంలో పోయాయి.

బీరువాలోని చేతిరాత రిజిస్టరే ఆ సహోదరిని గట్టెక్కించింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం పెళ్లి వివరాలను రిజిస్టరులో రాయడంతో ఆగదు, వాటి ప్రతిని ప్రభుత్వ రిజిస్ట్రారుకూ పంపమంటుంది. ఆ చట్టం రాసినవాళ్లకు కంప్యూటరు తెలియదు గాని నకలు విలువ తెలుసు.

ఆరేళ్ల కానుకల లెక్కలు, సభ్యుల జాబితా మాత్రం దక్కలేదు. వాటికన్నా నన్ను ఎక్కువ బాధపెడుతున్నది మరొకటి. మాకు ముందు ఈ సంఘాన్ని కాచి, ప్రభువునందు నిద్రించిన పెద్ద అయ్యగారి ప్రసంగాల క్యాసెట్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాం. ఎక్కించాక “ఇంక ఇవెందుకు, తీసేయండి” అన్నది నేనే. అమ్మగారు ఇప్పటికీ ఆయన గొంతు ఒక్కసారి వినిపించమని అడుగుతుంటారు.

యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం మనకు తెలిసిందే. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, బందీగా ఉన్న ప్రవక్త అనాతోతులో పొలం కొంటాడు. క్రయపత్రం రెండు ప్రతులు. ఒకటి ముద్ర వేసినది, ఒకటి తెరిచి ఉన్నది. రెండింటినీ బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో ఉంచమంటాడు. ఈ భాగంలోంచి నిరీక్షణ గురించి నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ కుండ గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. నాలుగు అధ్యాయాల తర్వాత యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కోసి కుంపట్లో వేస్తే, ప్రవక్త మళ్లీ చెబుతుండగా బారూకు అంతా తిరిగి రాశాడు. మన కోశాధికారులకు ఆరేళ్ల లెక్కలు అలా చెప్పి రాయించే శక్తి లేదు కదా.

1947లో మృతసముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన చుట్టలు దాదాపు రెండు వేల ఏళ్లు నిలిచాయి. జాడీలతో పాటు అక్కడి పొడిగాలీ వాటిని కాపాడింది. మన కోస్తాలో ఆ గాలి లేదు. ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది, తేమకు క్యాసెట్ టేపు మీద బూజు పడుతుంది. కాబట్టి డిస్కులను గట్టిగా మూతపడే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, నేలకు ఎత్తుగా పెట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్ ఇళ్లను ముంచినప్పుడు కింది అరల్లో ఉన్నవాటి గతి ఏమై ఉంటుందో చెప్పనక్కరలేదు.

తెలిసినవాళ్లు చెప్పే లెక్క తేలికైనదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే చోట. కంప్యూటర్లో ఉన్నది మొదటిది. హార్డ్ డిస్క్ రెండోది. కాపీ అవగానే దాన్ని ఊడదీయాలి. లేకపోతే పిడుగైనా వైరసైనా రెండింటినీ కలిపే తీసుకుపోతుంది. మూడోది వేరే ఊళ్లో ఉన్న పెద్దల ఇంట్లోగాని, గూగుల్ డ్రైవ్ లాంటి చోటగాని ఉండవచ్చు. అయితే ఆ ఖాతా ఒక్కరి సొంత పేరు మీద వద్దు. ఆయన ఊరు మారితే పాస్‌వర్డ్ కూడా ఆయనతోనే వెళ్తుంది. పైగా రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. సభ్యుల ఫోన్ నంబర్లు, కానుకల వివరాలు ఉన్న డిస్కుకు తాళం, పాస్‌వర్డ్ తప్పనిసరి. అవి మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు.

పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికే, దాచిపెట్టడానికి కాదు. ఏళ్ల తరబడి వాడకుండా పడేస్తే అందులోనివి చెరిగిపోవచ్చు. సీడీని అంచులతో పట్టుకోవాలి, ఎండ తగలనివ్వకూడదు, బాల్‌పెన్నుతో రాయకూడదు. మన గుడుల్లో క్యాసెట్లను స్పీకరు పెట్టెల మీద పేర్చడం చూస్తుంటాను. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, వెంటనే తీయండి. హార్డ్ డిస్క్ టకటకమంటే మళ్లీమళ్లీ ఆన్ చేసి చూడకండి. నీళ్లలో తడిసినదానికి అసలు కరెంటు ఇవ్వకండి. ఆ రెండు పనులతోనే మిగిలిందీ పోతుంది.

చాలామంది చేయనిది ఒకటుంది: తీసిన కాపీని తెరిచి చూడడం. మూడు నెలలకోసారి వేరే కంప్యూటర్లో పెట్టి ఏదో ఒక నెల లెక్క తెరవండి. మా దగ్గర ఇప్పుడు ప్రతి నెల మొదటి సోమవారం కార్యదర్శి కాపీ తీస్తాడు, కోశాధికారి తెరిచి చూసి తేదీ రాసి సంతకం పెడతాడు. రెండు డిస్కులు వంతులవారీగా తిరుగుతాయి, ఒకటి ఎప్పుడూ పక్క ఊళ్లో ఉంటుంది.

పెద్ద అయ్యగారి క్యాసెట్ ఒకటి ఈమధ్య ఒక విశ్వాసి ఇంట్లో అటక మీద దొరికింది. టేపు మీద తెల్లగా బూజు ఉంది. అలాగే ప్లేయరులో పెడితే టేపు తెగవచ్చు, బూజు ప్లేయరుకూ అంటుతుంది. అందుకే శుభ్రం చేయడం తెలిసిన ఒకాయనకు ఇచ్చాం. వచ్చే వారం వస్తుందన్నాడు. అమ్మగారికి ఇంకా చెప్పలేదు.